మారింబా, వైబ్రాఫోన్ ముందుండే జాజ్ రాక్ ఆల్బమ్ చెప్పండి

కావలి శ్రోత: అన్నా, గొంతు అసలు లేకుండా పుల్లలతో వాయించే వాయిద్యాలే నడిపించే జాజ్ రాక్ కావాలి. జలతరంగం విని పెరిగినోణ్ణి, ఆ మోత అంటే ప్రాణం.

ఒంగోలు: గాంగ్ బృందం 1976లో రికార్డు చేసిన 'గజోజ్' విను తమ్ముడూ. డ్రమ్మర్ పియర్ మోర్లెన్ తనే వైబ్రాఫోన్ (పుల్లలతో కొట్టే లోహపు పలకల వాయిద్యం) కూడా వాయించాడు, మిరేయ్ బావర్ మారింబా (అలాంటిదే, చెక్క పలకలది), ఇక అలన్ హోల్డ్స్‌వర్త్ గిటార్ సంగతి చెప్పక్కర్లేదు. అమెరికాలో ఇదే 'ఎక్స్‌ప్రెస్సో' పేరుతో వచ్చింది.

నెల్లూరు: నా ఓటు మాత్రం గ్యారీ బర్టన్ 'డస్టర్'కే, 1967. అందులో నాలుగు పుల్లలతో వైబ్రాఫోన్ వాయిస్తాడు, లారీ కోరియెల్ గిటార్‌లో రాక్ వేడి ఉంటుంది.

ఒంగోలు: మంచిదే, కానీ మారింబా లేదుగా! చెక్క పలకల ఆ మెత్తటి నాదం కావాలంటే గజోజే.

కావలి శ్రోత: ఈ రాత్రికే హెడ్‌ఫోన్స్‌లో గజోజ్ పెడతా, థ్యాంక్స్ అన్నా.