లంక ఊళ్లను గట్టు ఇవతలికి తరలించాలా, వైద్యాన్నే లంకకు తేవాలా?

లంక రైతుబిడ్డ:
మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ విషయం మీద పెద్ద గొడవే అయింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా అన్నయ్య వరస ఒకాయన ఏమన్నాడంటే, వాతావరణం మారిపోయింది, గోదావరి ఎప్పుడు ఎలా వస్తుందో తెలియట్లేదు, లంకల్లో, అంటే నది మధ్య దీవుల్లాంటి ఊళ్లలో ఉన్నవాళ్లందరికీ వరద గట్టు ఇవతల తలా రెండు సెంట్లిచ్చి ఇళ్లు కట్టించేస్తే ఏటా ఈ పడవలు, పునరావాస కేంద్రాలు, పులిహోర పొట్లాల బాధ ఉండదని. నేను ఒప్పుకోను. లంకలో మనిషి జబ్బు పడితే అతనికీ ఇవతలి మనిషికీ తేడా డబ్బు దగ్గర మాత్రమే రాదు, టైము దగ్గర వస్తుంది. ఆ టైము తగ్గించే పని చెయ్యకుండా ఊరినే లేపేస్తామంటే ఎలా?

పి.గన్నవరం మండలం సంగతే చూడండి. ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక వాళ్లు వేసవిలో పాయకి అడ్డంగా తాత్కాలిక దారి వేసుకోవడం, తొలి వరదకే అది తెగిపోవడం, ఇక వర్షాకాలమంతా పడవ మీద తిరగడం, ఏళ్ల తరబడి ఇదే జరుగుతూ వచ్చింది. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే కథ కూడా అంతే. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకి. వీళ్ల దారి మాత్రం అంతకు చాలా ముందే పోతుంది. టీవీలో వరద వార్త మొదలయ్యేసరికే అక్కడి గర్భిణికి ఆస్పత్రి దూరమైపోయి ఉంటుంది. మీరేమంటారు?

గట్టు మీద మనిషి:
తమ్ముడూ, ముందు ఈ వాతావరణ మార్పు అనే మాట పక్కన పెడదాం. 1953లో వచ్చింది, 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2006లో 28 లక్షలు, 2022లో 25 లక్షల పైచిలుకు. అంకెలు తగ్గుతున్నాయి కదా, మరి ఏం మారినట్టు? మారిందల్లా నది చేతిలో ఒండ్రు లేకపోవడం, ఇసుక ఇష్టం వచ్చినట్టు తవ్వేయడం, లంకలు కోతకి పోవడం. వాతావరణం అనేస్తే ఏ అధికారీ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

ఇక లంకలో ఉండటం అంటే నది కడుపులో ఉండటమే. ఏడాదికి నెలన్నర ఆ టెన్షన్, పిల్లలకి బడి ఉండదు, ముసలివాళ్లకి మందులుండవు. ప్రతి ఏడూ పెట్టే ఖర్చేదో ఒక్కసారి పెట్టి ఇళ్లు కట్టించడం మేలు. పొలం అక్కడే ఉంటుంది, ఎవరూ లాక్కోరు, పగలు వెళ్లి చేసుకుని రాత్రికి ఇంటికొస్తారు. ఇందులో అన్యాయం ఏముందో నాకు అర్థం కావట్లేదు.

అమలాపురం మాస్టారు:
అంకెలు మీరు చెప్పినవి సరైనవే, కానీ అవి మూడు పెద్ద వరదల గరిష్ఠాలు మాత్రమే. వాటితో ధోరణి తేలదు. 2022 వరద ఏ నెలలో వచ్చింది? జులై మధ్యలో. మన దగ్గర పెద్ద గోదావరి అంటే ఆగస్టు అని పెద్దవాళ్ల లెక్క, పడవలు, పశుగ్రాసం, బియ్యం అన్నీ ఆ లెక్క మీదే సర్దుకుంటారు. భద్రాచలంలో ఆ ఏడాది 71 అడుగులు దాటేసరికి ఇక్కడ చాలా ఇళ్లలో ఇంకా ఏదీ సర్దుకోలేదు. కోనసీమ కొత్త జిల్లాగా ఏర్పడి అప్పటికి మూడు నెలలు దాటిందంతే.

మనకి వరద మన వానతో రాదు. వార్ధా, వైన్‌గంగ, ప్రాణహిత, ఇంద్రావతి, అంటే మధ్య భారతంలో కురిసింది మన మీదకి వస్తుంది. అక్కడ ఒకేసారి విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య దాదాపు మూడింతలు అయ్యాయని 2017లో మన దేశపు శాస్త్రవేత్తలే పరిశోధన చేసి చెప్పారు. ఫలానా వరద దీనివల్లే వచ్చిందని నేను అనను, కానీ ఏమీ మారలేదని మాత్రం అనలేం.

ఒండ్రు విషయంలో మీరు చెప్పిందే నిజం. పైన కట్టిన ఆనకట్టల వల్ల డెల్టాకి చేరే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లకే సగం కంటే తక్కువకి పడిపోయింది. రెండూ కలిసి ఒకే మనిషి మీద పడుతున్నాయి, దాన్ని ఇదా అదా అని విడదీయడం దేనికి?

అసలు విషయం ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. వరద గట్లు ఎవరి కోసం? కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది, ఆయకట్టు వచ్చింది, దాన్ని కాపాడటానికి నదికి రెండు వైపులా గట్లు కట్టి దఫదఫాలుగా ఎత్తు పెంచుకుంటూ వచ్చాం. విశాలంగా పరుచుకోవాల్సిన నీళ్లని ఆ గట్లు నొక్కి పెడుతున్నాయి, ఆ నొక్కుడంతా లంకల మీద పడుతోంది. నా ఇల్లు పొడిగా ఉందంటే దానికి లంకవాడి ఇల్లు మునగడం కూడా ఒక కారణం. అలాంటప్పుడు వాళ్ల వైద్యానికి పెట్టే ఖర్చుని దయ కింద లెక్క రాయడం నాకు చాలా బాధగా ఉంటుంది. అది మనం తీర్చాల్సిన బాకీ.

లంక సబ్‌సెంటర్ ఏఎన్ఎం:
నమస్తే అండి. నేను లంక ఊళ్లలోనే పనిచేస్తాను, ఊరి పేరు చెప్పను. తరలించాలా వద్దా అనేది నా స్థాయి విషయం కాదు గానీ, వైద్యాన్ని లంకకు తేవడం అంటున్నారు కదా, ఏది తేగలం ఏది తేలేం అన్నది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరూ అదేదో ఒక మందుల పెట్టెతో అయిపోయే పని అనుకుంటున్నారు.

తేగలిగినవి చాలా ఉన్నాయి. బీపీ, షుగర్, టీబీ, మూర్ఛ మందులు వాడేవాళ్ల లిస్టు నా దగ్గరే ఉంటుంది. జూన్ ఆఖరుకల్లా వాళ్లందరికీ రెండు నెలల మందులు ముందే ఇచ్చేస్తే సగం ప్రమాదం పోతుంది, కానీ మాకు మందుల ఇండెంట్ (కోటా) ఒక నెలకి సరిపడానే వస్తుంది. వరదలో కరెంటు ముందే తీసేస్తారు, ఇన్సులిన్ వాడేవాళ్లకి ఫ్రిజ్ ఉండదు. అప్పుడు తడిపిన మట్టికుండలో, సీసాకి నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టుకోమని నేర్పిస్తాం. బోరింగులు మునుగుతాయి, కాబట్టి క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ వరద రాకముందే ఇంటింటికీ చేరాలి, వచ్చాక పంచితే సగం మందికి అందవు. నీరు తీశాకే అసలు జబ్బులు మొదలవుతాయని మర్చిపోకండి. బురదలో తిరిగి కాళ్లు ఒరిసిపోయి, ఆ పుండ్లతోనే కొట్టాలు కడుగుతారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే జ్వరం అలాంటివాళ్లకే పట్టుకుంటుంది. కూలికి వెళ్లేవాళ్లు నాలుగు రోజులు జ్వరంతోనే పనిచేసి, కళ్లు పచ్చబడ్డాక నా దగ్గరకి వస్తారు.

తేలేనివి కూడా ఉన్నాయి. పాము కరిస్తే వేసే మందు ఇంటి దగ్గర వేసేది కాదండి. అది పడక ప్రాణం మీదకి రావచ్చు, డాక్టరు, ఆక్సిజన్ పక్కన ఉండాలి. వరదకి పుట్టలు మునిగి రక్తపింజర్లు, కట్లపాములు గట్టెక్కేది, ఇళ్ల అటకలెక్కేది సరిగ్గా పడవలు తిరగని రోజుల్లోనే. కాన్పు అడ్డం తిరిగితే ఆపరేషను లంకలో చేయలేం. డయాలసిస్ వాళ్లకి వారానికి రెండు మూడు సార్లు మిషను కావాలి, వాళ్లు ఆగలేరు. వీళ్లని మాత్రం నీళ్లు రాకముందే ఇవతలికి చేర్చాలి. ఊరంతటినీ కాదు, వీళ్లని. నెల నిండబోతున్న గర్భిణుల్ని ముందే తెచ్చి ఆస్పత్రి దగ్గర పెడుతున్నాం, ఆ పని బాగానే జరుగుతోంది. కానీ తోడు వచ్చిన అత్తగారికి తిండి ఎవరు పెడతారు, ఇంటి దగ్గర పెద్దపిల్లని ఎవరు చూస్తారు అన్నది ఎవరి లెక్కలోనూ లేదు, అందుకే కొందరు రామంటారు. వాళ్లని తిట్టి లాభం లేదు.

వశిష్ఠ ఒడ్డు ఆడపిల్ల:
నేను లంకలో పుట్టి పెళ్లయ్యాక ఇవతలికి వచ్చినదాన్ని, మా అమ్మానాన్న ఇంకా అక్కడే ఉన్నారు. మీరందరూ లంక కోసం మాట్లాడుతున్నారు, సంతోషమే, కానీ లంకలో ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడగండి, ఎంతమంది ఉంటామంటారో చూద్దాం. పొలం మీద మగవాళ్లకి ఉన్న మమకారం వేరు, పునరావాస కేంద్రంలో వంద మందికి రెండు మరుగుదొడ్లు ఉన్నచోట నెలసరి వచ్చిన పిల్లని పెట్టుకుని కూర్చునే తల్లి బాధ వేరు. నీళ్లు తాగితే బయటికి వెళ్లాల్సి వస్తుందని మా అమ్మ గొంతు తడుపుకోవడం కూడా మానేసేది, తర్వాత మంటతో, జ్వరంతో పడుకునేది. ఇది ఏ వరద నష్టం లిస్టులోనూ రాయరు.

ఒకే లంకలో కూడా అందరూ ఒకటి కాదు. డాబా ఉన్నవాళ్లు మేడెక్కి కూర్చుంటారు. పాకల్లో ఉన్నవాళ్లు, ఎక్కువమంది మా పేటవాళ్లే, గట్టు మీద బరకాల కింద ఉంటారు. కాబట్టి వెళ్లాలనుకున్నవాళ్లకి వెళ్లే దారి ఇవ్వండి. నా ఓటు తరలింపుకే.

లంక రైతుబిడ్డ:
అక్కా, మీరు చెప్పిన మరుగుదొడ్ల మాటకి నా దగ్గర జవాబు లేదు, అది వంద శాతం నిజం. వెళ్తామన్నవాళ్లకి స్థలం ఇవ్వాలి, దాన్ని నేను అడ్డుకోను. నా భయం అంతా ఊరిని మొత్తంగా లేపడం గురించే. మీ పేటలో ఎక్కువమందివి సొంత పట్టా కాకుండా సొసైటీ పేరు మీద చేసుకునే భూములే కదా. పొలం ఎవరూ లాక్కోరని గట్టు మీద మనిషి గారు అంటున్నారు గానీ, మనిషి అక్కడ లేకపోతే ఆ భూమిని ఎవరు చేస్తారో, ఎవరి పేరు మీదకి వెళ్తుందో మన దగ్గర అందరికీ తెలుసు. గేదెల్ని రెండు సెంట్లలో ఎక్కడ కడతారు? పాడి పోతే పిల్లలకి పాలు పోతాయి, చేతిలో డబ్బు పోతుంది, ఆ తర్వాత ఆస్పత్రి పక్క వీధిలో ఉన్నా వెళ్లలేరు.

ఊరు లేపకుండా ప్రాణాలు కాపాడలేమా అంటే, కాపాడగలం. 1996 నవంబరు తుఫానుకి మన కోనసీమ, కాకినాడ తీరంలో వెయ్యి మంది వరకు పోయారు. ఒడిశాలో 1999లో దాదాపు 10 వేల మంది పోయారు, అదే ఒడిశాలో 2013 ఫైలిన్ తుఫానుకి ఆ సంఖ్య పదుల్లో ఆగింది. తీరం ఖాళీ చేసి కాదు. హెచ్చరిక, షెల్టర్లు, లక్షల మందిని రెండు రోజుల ముందే కదిలించి మళ్లీ వాళ్ల ఇళ్లకి పంపడం, దీనివల్లే అయింది.

గట్టు మీద మనిషి:
ఒడిశా ఉదాహరణ బాగుంది, కానీ తుఫాను రెండు రోజుల పని, గోదావరి అలా కాదు. ఒక సీజనులో మూడుసార్లు పోటెత్తిన ఏళ్లు ఉన్నాయి. ప్రతిసారీ ఊరిని కదిపి మళ్లీ పంపిస్తారా? ఏఎన్ఎం గారు చెప్పినవన్నీ కాగితం మీద బాగుంటాయి, రాత్రిపూట లంకలో ఉండే డాక్టర్ని ఒక్కర్ని చూపించండి. ఆడపిల్ల గారు చెప్పింది విన్నాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. రెండు సెంట్లు చాలవంటే అయిదు సెంట్లు అడగండి, పశువులకి ఉమ్మడి కొట్టం అడగండి, భూమి హక్కు కాగితం అడగండి, నేనూ మీతో కలెక్టరాఫీసుకి వస్తాను. అక్కడే ఉండిపోండని మాత్రం నేను చెప్పలేను.

లంక సబ్‌సెంటర్ ఏఎన్ఎం:
డాక్టరు రాత్రి లంకలో ఉండరండి, అది నిజమే, ఉండాలని నేను అడగట్లేదు కూడా. నేను అడిగేది రేవు దగ్గర రాత్రీపగలూ ఇంజను పడవ, దానికి జీతం ఇచ్చి పెట్టుకున్న సరంగు, లైఫ్ జాకెట్లు, అవతలి ఒడ్డున 108. ఇప్పుడు రాత్రి పడవ కావాలంటే ఊళ్లో వాళ్లనే బతిమాలాలి, డీజిల్ డబ్బులు రోగి ఇచ్చుకోవాలి, డబ్బు లేనివాళ్లు తెల్లారేదాకా ఆగుతారు. పాము కరిచినవాడు తెల్లారేదాకా ఎలా ఆగుతాడు?

పునరావాస కేంద్రాల్లో ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్లు, ప్యాడ్లు, వెలుతురు, ఈ మూడూ నేను రిపోర్టులో రాసి పంపాను, మళ్లీ రాస్తాను. ఆడపిల్ల గారూ, మీ అమ్మగారి సంగతి పేరు లేకుండా అందులో చేర్చమంటారా?

వశిష్ఠ ఒడ్డు ఆడపిల్ల:
చేర్చండి. పేరు కావాలన్నా పెట్టుకోండి, అమ్మని అడిగి చెప్తాను. రిపోర్టుతో పాటు గ్రామసభలో కూడా చదవాలి, ఆడవాళ్లు వచ్చే టైముకి సభ పెట్టించాలి, పొద్దున పదింటికి పెడితే అందరూ కూలి పనుల్లో ఉంటారు. తరలింపు మీద నా మాట మారలేదు. పడవ కోసం అయితే సంతకం పెడతాను.