డిజిటల్ పాఠాలతో పిల్లలు సొంతంగా లెక్కలు నేర్చుకునేలా చేయడం ఎలా?

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్తాను. దీక్ష (ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక) వీడియోలు, జియోజీబ్రా (గ్రాఫులు, బొమ్మలతో లెక్కలు చూపించే సాఫ్ట్‌వేర్) కలిపి చిన్న మాడ్యూళ్లు చేసిచ్చాను. మావాళ్లేమో వీడియో ముందుకు లాగేసి, క్విజ్‌లో ఒక్కో ఆప్షనూ నొక్కి పచ్చ టిక్కు తెచ్చేసుకుంటారు (ఆ తెలివికి లోటు లేదు!). నోట్సులో (-3)² చేయమంటే మాత్రం -9 అంటారు.

సొంతంగా నేర్చుకోవడం గురించి విద్యా మనస్తత్వవేత్త జిమ్మర్‌మన్ చెప్పిన మూడు దశల్లో ముందు ప్లాన్ వేసుకోవడం, చేస్తూ గమనించుకోవడం కాస్త కుదిరాయి. చేశాక వెనక్కి చూసుకోవడమే కుదరట్లేదు. తప్పెందుకు వచ్చిందో రాయమంటే అందరిదీ ఒకే జవాబు: 'అజాగ్రత్త'.

ఆ చోట మీరు ఏం అడుగుతారు? క్విజ్‌కి ముందే 'ఎన్ని కరెక్టవుతాయి' అని అంచనా రాయించినవాళ్లున్నారా? ఇంట్లో ఫోను నాన్న వచ్చాకే దొరుకుతుంది, కాబట్టి కాగితం మీద నడిచేదైతే మరీ మంచిది.