సినిమాలో సీమ పిల్లకు సీమ మాట యాల రాదు?

చీనీతోట (అనంతపురం):
పోయిన ఆదివారం టీవీలో ‘ఒక్కడు’ వేసినారు. 2003 నుంచి ఎన్నిసార్లు చూసినానో లెక్క లేదు. 2023 జనవరిలో మళ్లీ థియేటర్లకు వస్తే అప్పుడూ పోయినా. ఈసారి పక్కన మా అవ్వ కూర్చుంది, చాటలో శనక్కాయలు వలుస్తా. కొండారెడ్డి బురుజు సీన్ అయిపోయినాక చెయ్యి ఆపి అడిగింది: “ఆ పిల్లదీ కర్నూలే, వాళ్ల మామదీ కర్నూలే కదా. ఆయప్పకు మన మాట వస్తాది, పిల్లకు యాల రాదు?”

ఏం చెప్పాలో తెలియక రిమోట్ తీసుకుని సౌండ్ పెంచినా. కానీ మూడు రోజులుగా అదే తిరుగుతోంది తలలో. ‘సమరసింహారెడ్డి’ 1999, ‘నరసింహనాయుడు’ 2001, ‘ఇంద్ర’, ‘ఆది’ రెండూ 2002. అన్నీ ఒకసారి గుర్తు చేసుకోండి. కత్తులు చూపించినారని నేను ఏడవడం లేదు, అవి మన దగ్గర లేనివి కావు. నా గొడవ వేరే. యాస ఎవరి నోట పెట్టినారు? విలన్ నోట, వాని వెనకాల నిలబడే మీసాల గుంపు నోట. హీరో సీమ బిడ్డే అయినా పద్యం అప్పజెప్పినట్టు మాట్లాడతాడు. హీరోయిన్ అయితే చెప్పనక్కర్లేదు. అంటే మన మాట కోపానికే పనికొస్తాదా? ప్రేమకు పనికిరాదా?

బురుజు నీడ (కర్నూలు):
తమ్ముడూ, ఆ సినిమాను ఏమన్నా అంటే ఊరుకునేది లేదు, ముందే చెప్తున్నా. ఆ ఒక్క సీన్‌తో మా బురుజు రాష్ట్రమంతా తెలిసింది. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’కు అదే బురుజును రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్ వేసుకున్నారు. అసలు బురుజు ఇక్కడుండగా సెట్ ఎందుకు వేసినారని మేం రెండు నెలలు తిట్టుకున్నాం, అది వేరే సంగతి.

యాస గురించి నువ్వు చెప్పేది సగమే నిజం. విలన్ నోట పెట్టినారంటున్నావు సరే, ఆ విలన్ ఎవరు? జయప్రకాశ్ రెడ్డి. మా సిరివెళ్ల మనిషి. ‘ప్రేమించుకుందాం రా’లో ఆయన నోరు తెరిస్తే హాలు హాలంతా విజిల్స్. ఆయన మాట నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. ఆయన వల్లే గుంటూరోళ్లు, విశాఖోళ్లు కూడా మన మాట సరదాగా పలికినారు. 2020లో ఆయన పోయినాక ఆ పాత్రలు ఎవరు చేసినా నాకు అరువు గొంతులాగానే ఉంది.

కారందోసె (ప్రొద్దుటూరు):
సరదాగా పలికినారా అన్నా? నేను హైదరాబాద్ హాస్టల్లో చేరిన మొదటి రోజు, మాది ప్రొద్దుటూరు అని చెప్పగానే రూమ్మేట్ అడిగిన మొదటి ప్రశ్న: “మీ ఇంట్లో బాంబులుంటాయా?” మా నాయనది బట్టల కొట్టు. మా ఇంట్లో ఉండే ఆయుధమల్లా గుడ్డ కత్తిరించే కత్తెర. నాలుగేళ్లు ఆ జోకు మోసినా. మొదట్లో నవ్వేదాన్ని, తర్వాత మాటే మార్చుకున్నా. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేస్తేనే మన మాట వస్తాది.

టవర్‌క్లాక్ (అనంతపురం):
అందరూ ఇరవై ఏళ్ల నాటి సినిమాల మీదే పడ్డారు. ‘పుష్ప’ చూళ్లేదా? 2021లో హీరోనే పూర్తిగా చిత్తూరు మాట మాట్లాడినాడు. అల్లు అర్జున్‌కు జాతీయ అవార్డు వచ్చింది, ఉత్తమ నటుడిగా అది అందుకున్న మొదటి తెలుగు హీరో ఆయనే. శ్రీవల్లి కూడా యాసలోనే మాట్లాడింది. ప్రేమకు పనికిరాదన్న మాట అక్కడే కొట్టుకుపోయింది. అంతకుముందు 2018లో నాని ‘కృష్ణార్జున యుద్ధం’లోనూ చిత్తూరు కుర్రోడు ఉన్నాడు, కత్తి లేదు, సుమో లేదు. “దారి చూడు దుమ్ము చూడు” అని పెంచల్ దాస్ రాసి పాడితే ఊరంతా పాడుకుంది.

చీనీతోట (అనంతపురం):
శ్రీవల్లిని మర్చిపోయినా, ఒప్పుకుంటా. కానీ అన్నా, పుష్ప చేతిలో గొడ్డలి ఉంది, ఎర్రచందనం దుంగ ఉంది. గొడ్డలి పట్టుకోకుండా మాట్లాడిన నాని సినిమా పెద్దగా ఆడలేదు. మరి ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల తెలంగాణ మాటతోనే సినిమా మొత్తం లాక్కుపోయింది కదా? ఒకప్పుడు ఆ మాటను కమెడియన్లకే ఇచ్చేవాళ్లు. ఆ మలుపు మనకు ఎప్పుడు?

బురుజు నీడ (కర్నూలు):
అసలు సీమ యాస అని ఒకటుందా? మేం బుడ్డలు అంటాం, నువ్వు శనక్కాయలంటావు. మీ మాటలో కన్నడం, మా మాటలో ఉర్దూ, చిత్తూరులో అరవం. సినిమావాళ్లు అన్నీ కలిపి ఒక ఉగ్గాని చేసి, పైన నాలుగు “అప్పా”లు చల్లుతారు. ఊర్లకూ అంతే. ‘అరుంధతి’లో గద్వాల అని చూపించిన బంగ్లా మా బనగానపల్లెది. కత్తులు అవసరమైతే సీమ, కోట అవసరమైతే వేరే ఊరి పేరు!

పాతరీలు (తాడిపత్రి):
చిన్న సంగతి. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డిది మా తాడిపత్రి. బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది కడప జిల్లా. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే అవార్డులు వచ్చినాయి. అంటే తెలుగు సినిమాకు పునాదులేసిన వాళ్లలో మనోళ్లు ముందున్నారు. వాళ్లు కూడా తమ ఊరి మాటను తెర మీదికి తీసుకుపోలేదు. బయటోళ్లను తిట్టే ముందు ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

డోన్ ప్యాసింజర్ (కర్నూలు జిల్లా):
నాకు యాభై ఆరు. ఇట్లాంటి చోట రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మా ఊర్లో ఫ్యాక్షన్ చూసినోణ్ణి. ఊరి పేరు చెప్పను. నేను ఇంటర్ చదివేటప్పుడు మా చిన్నాయన పేరు ఒక కేసులో ఇరికించినారు. ఆయన ఆ రోజు బావి దగ్గర మోటారు రిపేరు చేయిస్తా ఉన్నాడు, మెకానిక్ కూడా సాక్షి. అయినా తొమ్మిదేళ్లు కోర్టుకు తిరిగినాడు. వాయిదా రోజు తెల్లారి నాలుగింటికే మా చిన్నమ్మ సద్ది కట్టేది. పెరుగన్నం, ఊరగాయ, అరటాకులో చుట్టి పైన గుడ్డ. ఆయన మొదటి బస్సెక్కిపోయి, చెట్టు కింద కూర్చుని, సాయంత్రం “వాయిదా పడింది” అని వచ్చేవాడు. కొన్నిసార్లు సద్ది విప్పకుండానే తెచ్చేవాడు. తొమ్మిదేళ్ల తర్వాత కేసు కొట్టేసినారు. అప్పటికి మూడెకరాలు పోయింది, వకీలు ఫీజుకు కొంత, బోర్లకు కొంత. బోర్లలో నీళ్లు కూడా పడలేదు.

సినిమాలో సుమోలు లేస్తాయి, బాగానే ఉంటాది, నేనూ చూస్తా. కానీ ఫ్యాక్షన్ అంటే నాకు గుర్తొచ్చేది ఆ సద్దిమూట. దాన్ని ఒక్కరూ తీయలేదు. ‘అరవింద సమేత’ వచ్చినప్పుడు మా ఆడోళ్లు చూసి మెచ్చుకున్నారు, చచ్చినాక మిగిలే ఆడోళ్ల గురించి ఎవరో ఒకరు మాట్లాడినారని. అదీ కొంచెమే అనుకో. ఎన్టీఆర్ మాట కూడా నాకు తప్పనిపించలేదు.

కారందోసె (ప్రొద్దుటూరు):
పెద్దాయనా, మీరు రాసింది రెండుసార్లు చదివినా. అలవాటు లేదంటిరి కానీ మీరు ఇంకా రాయాల.

టవర్‌క్లాక్ (అనంతపురం):
నిజమే పెదనాయనా, దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఒకటి చెప్తా, పట్టు వదలకుండా. ‘సినిమా బండి’ చూడండి, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, 2021లో వచ్చింది. ఆటో నడిపేవానికి కెమెరా దొరికితే ఊరోళ్లంతా కలిసి సినిమా తీస్తారు. కర్ణాటక బార్డర్ మాట, హిందూపురం దాటితే మనకు వినపడే మాట. తెలియని మొహాలు, ఒక్క రక్తపు చుక్క లేదు. ఇట్లాంటివి వచ్చినప్పుడు మనం ఎంతమంది చూసినాం? కత్తి పడితే మొదటి ఆటకే పోతాం, పడకపోతే ఓటీటీలో చూద్దాంలే అంటాం. నిర్మాత చూసేది కలెక్షనే కదా.

బురుజు నీడ (కర్నూలు):
ఇది నాకు తగిలింది. ‘సినిమా బండి’ సగం చూసి నిద్రపోయినా.

చీనీతోట (అనంతపురం):
నిన్న రాత్రి మా అవ్వకు అదే పెట్టినా. పావుగంట మాట్లాడకుండా చూసింది. తర్వాత “ఇది సినిమానా, ఎవరిదన్నా పెళ్లి వీడియోనా?” అంది. ఎందుకట్లా అడిగినావంటే, “అందరూ మనోళ్ల మాదిరే మాట్లాడతాండారు కదా” అంది.

పెద్దాయనా, మీ సద్దిమూట గురించి కూడా అవ్వకు చదివి వినిపించినా. ఊరగాయ ఏ కాయతో పెట్టేదో అడగమంటోంది.

డోన్ ప్యాసింజర్ (కర్నూలు జిల్లా):
నిమ్మకాయ. ఎండాకాలమైతే మామిడి.