ఒహాయో స్టేట్–మిషిగన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి డాలస్ నుంచి చవగ్గా వెళ్లేదెలా?

మేం వెళ్లాలనుకునే మ్యాచ్ ఒహాయోలోని కొలంబస్‌లో, థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం. కిక్‌ఆఫ్ మామూలుగా మధ్యాహ్నం 12కే కాబట్టి శుక్రవారమే చేరాలి. ఎక్కువ మండేది ఆదివారం తిరుగు టికెట్. దేశమంతా ఆ రోజే ఇళ్లకు మళ్లుతుంది. మంగళవారానికి జరిపితే ఎంత తగ్గుతుంది?

సిన్సినాటిలో దిగితే కారులో సుమారు రెండు గంటలు, డేటన్ ఇంకా దగ్గర. కానీ డ్రైవరుకి 25 నిండకపోతే రెంటల్ వాళ్లు అదనపు ఫీజు వేస్తారు, కారు వేరే ఊళ్లో వదిలితే మరో వడ్డన. నలుగురు పంచుకుంటే గిట్టుబాటవుతుందా? రానూ పోనూ వేరువేరు ఎయిర్‌లైన్స్‌లో వన్‌వేలు కొంటే నయమా?

ఎయిర్‌లైన్ సైట్‌లోనే, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు కొంటే 24 గంటల్లో ఉచితంగా రద్దు చేసుకోవచ్చు, సరే. ఆ తర్వాత ధర పడితే? బేసిక్ ఎకానమీ (అన్నిటికన్నా చవక టికెట్ రకం) వదిలేసి మెయిన్ క్యాబిన్ (మామూలు ఎకానమీ) కొని, తేడాని క్రెడిట్‌గా రాబట్టినవాళ్లు ఎలా చేశారో చెప్పండి.