అప్‌డేట్: బడి అంటే కడుపునొప్పి అంటున్న మా బాబు సంగతి

ఎనిమిదో తరగతి చదివే మా బాబు బడి అనగానే కడుపు పట్టుకుంటున్నాడు, స్కానింగ్‌లో ఏమీ లేదు, హైదరాబాద్ పోకుండా నల్గొండలోనే ఎవరికి చూపించాలి అని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన 14416కు, అదే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేశాం. ఉచితమే, తెలుగులోనే మాట్లాడారు. వాళ్లు చెప్తే ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగం ఓపీకి వెళ్లాం.

డాక్టరమ్మ మమ్మల్ని బయట కూర్చోబెట్టి ముందు వాడొక్కడితోనే మాట్లాడారు. మా అత్తమ్మకు అది అస్సలు నచ్చలేదు. తర్వాత మమ్మల్ని పిలిచి, ఆదివారం నొప్పి వస్తుందా, సెలవుల్లో వస్తుందా అని అడిగారు. రాదు! “నాటకం కాదమ్మా, టెన్షన్‌కు నొప్పి నిజంగానే వస్తుంది” అన్నారు. మందులు రాయలేదు. కౌన్సెలింగ్ పెట్టి, మొదట రెండు పీరియడ్లకే పంపండి, మెల్లగా పెంచుదాం అన్నారు. దీనికి బళ్లో ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు మధ్యాహ్నం దాకా ఉంటున్నాడు. సోమవారాలు మాత్రం ఇంకా కష్టమే. మా ఆడపడుచు దిష్టి తీయమంది, అదీ తీశాం, పోయేదేముంది.

దేవరకొండ నుంచి అడిగిన అన్నా, ఓపీ చీటీకి పొద్దున్నే రండి, పాత రిపోర్టులన్నీ తెచ్చుకోండి.