లాస్ ఏంజెలిస్ టీమ్‌కి డాడ్జర్స్ అనే పేరేంటి?

ప్రశ్న: బేస్‌బాల్ ఈమధ్యే చూడ్డం మొదలెట్టా. డాడ్జర్స్ అంటే తప్పించుకునేవాళ్లు కదా, దేన్నుంచి బాబూ?

రిప్లై 1: ట్రామ్‌ల నుంచి 😄 ఈ టీమ్ అసలు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌ది, అక్కడ 1890ల్లో కరెంటు ట్రామ్‌లు వచ్చాక రోడ్డు దాటాలంటే వాటికింద పడకుండా పక్కకి గెంతుతూ పోవాల్సొచ్చేది, అలా ఆ ఊరి జనానికి ట్రాలీ డాడ్జర్స్ అని పేరు పడింది, అదే టీమ్‌కీ అంటుకుంది. మధ్యలో రాబిన్స్ అని కూడా అన్నారులెండి.

రిప్లై 2: 1957 సీజన్ అయ్యాక ఓనర్ వాల్టర్ ఓమాలీ, కొత్త స్టేడియం స్థలం విషయం తేలక, టీమ్‌ని లాస్ ఏంజెలిస్ పట్టుకుపోయాడు. అంతకు రెండేళ్ల ముందే 1955లో న్యూయార్క్‌లోని ఇంకో టీమ్ యాంకీస్‌ని ఓడించి వరల్డ్ సిరీస్ (అంటే సీజన్ చివరి ఫైనల్) కొట్టారు, బ్రూక్లిన్‌కి మొదటిదీ ఆఖరుదీ అదే. 1960లో బ్రూక్లిన్‌లోని వాళ్ల పాత స్టేడియం ఎబెట్స్ ఫీల్డ్‌ని కూల్చిన ఇనప గుండుకి బేస్‌బాల్‌లా తెల్లరంగేసి ఎర్ర కుట్లు కూడా గీశారు, ఇంతకంటే ఉడికించడం ఉంటుందా!

రిప్లై 3: నాకైతే డాడ్జర్స్ అంటే 1947లో జాకీ రాబిన్సన్ దిగడమే, ఆధునిక మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. ఆయన 42 నంబర్‌ని 1997లో అన్ని టీమ్‌లూ ఆయన గౌరవార్థం ఇక కొత్తగా ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశాయి.

ప్రశ్న అడిగినవాడు: ఓహ్, ఆయన మొదటిసారి దిగిన రోజని ఏటా ఏప్రిల్ 15న ఆటగాళ్లందరూ 42 వేసుకునేది అందుకా!