కరవాజియో బొమ్మలో మత్తయి ఎవరు? గడ్డమాయనా, కుర్రాడా?

రోమ్‌లో శాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీ చర్చిలో ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1599-1600లో వేసిన ఆయిల్ పెయింటింగ్ ఉంది కదా, యేసు సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) మత్తయిని తన శిష్యుడిగా రమ్మని పిలిచే ఘట్టం. బల్ల చుట్టూ ఐదుగురు, కుడివైపు నుంచి యేసు చెయ్యి చాపుతున్నాడు. మధ్యలో గడ్డమాయన వేలు ఎంత జూమ్ చేసినా అర్థం కావట్లేదు. "నన్నా?" అంటున్నాడా, చివర్లో తల వంచుకుని నాణేలు చూసుకుంటున్న కుర్రాణ్ని చూపించి "వీణ్నా?" అంటున్నాడా?

బొమ్మలపిచ్చోడు: గడ్డమాయనే, డౌటే లేదు. ఆ చర్చిలో ఈ బొమ్మ ఉన్న చాపెల్‌లో (చిన్న ప్రార్థన గదిలో) మత్తయి బొమ్మలు మూడున్నాయి. మత్తయిని హత్య చేసే బొమ్మలోనూ, దేవదూత చెబుతుంటే సువార్త రాసే బొమ్మలోనూ మత్తయి గడ్డంతోనే ఉంటాడు, ఇందులో మాత్రం కుర్రాడెలా అవుతాడు?

గోదారిగట్టు: అంత తేలిగ్గా తేల్చేయకండి. కుర్రాడే అనే కళాచరిత్రకారులూ ఉన్నారు. గడ్డమాయన అప్పటికే తలెత్తి చూసేశాడు, కుర్రాడికి ఇంకా డబ్బు మీదే ధ్యాస. సుంకరి అంటే వాడే కదా! మరుక్షణం లేస్తాడేమో అనిపించేదీ వాడే. నా ఓటు వాడికే.

రోమ్‌లో_ఉంటా: ఫోన్‌లో చూసి తేల్చేది కాదిది. బొమ్మ చాపెల్ ఎడమ గోడకి ఉంటుంది, అసలు కిటికీ బలిపీఠం పైన, అంటే బొమ్మకి కుడిపక్క. బొమ్మలోనూ వెలుగు కుడినుంచే వస్తుంది, అందులో వేసిన కిటికీ నుంచి మాత్రం చుక్క వెలుగు రాదు. ఆ వెలుగు నేరుగా గడ్డమాయన మొహం మీద పడుతుంది, కుర్రాడి మొహం సగం నీడలోనే, కాబట్టి నేను గడ్డమాయన పక్షం. యేసు చెయ్యి సిస్టీన్ చాపెల్‌లో మైకెలాంజెలో వేసిన ఆదాము చేతిలా వాలి ఉంటుంది, అదీ చూడండి. యేసు ముందున్న శిష్యుడు పేతురుని కరవాజియో తర్వాత కలిపాడని ఎక్స్‌రేల్లో తేలింది. వెళ్తే చిల్లర పట్టుకెళ్లండి, నాణెం వేస్తేనే లైటు వెలుగుతుంది, చూస్తుండగానే ఆరిపోతుంది కూడా.

అడిగినవాణ్ని: థాంక్స్. ఆ సువార్త రాసే బొమ్మకి ఇంకో వెర్షన్ ఉండేదట, నిజమేనా?

బొమ్మలపిచ్చోడు: నిజమే. మొదట వేసింది చర్చివాళ్లు వద్దన్నారు, అది చివరికి బెర్లిన్ చేరి 1945లో యుద్ధంలో నాశనమైంది. నలుపు తెలుపు ఫోటోలే మిగిలాయి. అందులోనూ గడ్డమే, గోదారిగట్టుగారూ!